ముందు అందాజ చెప్పు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో రెండు సేనలున్నాయి, శపథాలున్నాయి, ఒక తరం భవిష్యత్తు త్రాసులో ఊగడం ఉంది. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, జరిగింది మొన్న శనివారం జహీరాబాదులో మా మేనకోడలి బడిలో పేరెంట్స్ మీటింగు. ఆయుధాలు ప్లాస్టిక్ కుర్చీలు. యుద్ధవిరామం పేరు సమోసా. అక్కకు దవాఖానలో డ్యూటీ పడింది కాబట్టి పిల్లను వెనక కూర్చోబెట్టుకుని నా బండి మీద నేను వెళ్లాను. ఆ బండికి పెట్రోలు ముల్లు ఎప్పుడో పోయింది. ట్యాంకును అటూ ఇటూ ఊపి, లోపలి చప్పుడు విని, ఎంత ఉందో తేల్చుకోవడం నాకు అలవాటు.

లెక్కల క్లాసులో పిల్లలకు కాలిక్యులేటరు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రోజు చర్చ. ముందు వరుసలోంచి బట్టల దుకాణం ఆయన లేచాడు. "మిషన్ చేతికిస్తే పోరగాండ్ల దిమాగ్ ఖరాబైతది సార్" అన్నాడు. వెనకనుంచి ఒకామె, "మరి దుకాణంల గల్లా మీద మీరేం పెట్టుకున్నరన్నా? మీ దిమాగ్ మంచిగనే ఉన్నది గదా?" అంది. ఆయన చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. మా మేనకోడలు నా మోచేయి పొడిచి, "మామా, నువ్వు జర మాట్లాడు" అంది. మాట్లాడటానికి నా దగ్గర ఏముంది అనుకుంటుండగా మా లెక్కల మేడం గుర్తొచ్చారు.

మేడం సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం పక్క క్లాసుకు కూడా పాఠం చెప్పేది. నేను పదో తరగతికి వచ్చేసరికి లెక్కల్లో నా పరిస్థితి చూసి మా నాయిన ఒక నిర్ణయం ప్రకటించాడు. "లెక్కలల్ల తప్పినవంటే, చిరాగ్‌పల్లి కాడ మీ చిన్నాయిన ధాబాల రొట్టెలు చేయవడ్తది." హైవే మీద ధాబా, పొద్దస్తమానం లారీలు, పొయ్యి వేడి. ఇంట్లో అందరూ ఇది ఘోరమైన శిక్ష అన్నట్టు మొహాలు పెట్టారు. నాకైతే ఆ ధాబాలో పప్పు చాలా ఇష్టం. అయినా ఇంటర్ చదవాలని ఉండేది, ఎందుకో అడక్కండి, అందరూ చదువుతున్నారు కాబట్టి.

మా క్లాసులో సగం మందికి ఎక్కాలు సరిగా రావు. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చేవాళ్లు చెరుకు కొట్టే రోజుల్లో బడికే రారు. గుణకారం దగ్గరే కూలబడితే అసలు లెక్క ఏమడుగుతోందో వీళ్లకు ఎప్పటికి అర్థమవుతుందని మేడం ఇంటి నుంచి రెండు కాలిక్యులేటర్లు తెచ్చారు. హెడ్మాస్టరు సారుకు ఇది నచ్చలేదు. "ఎక్కాలు రానోళ్లకు మిషన్లు ఎందుకు మేడం?" అన్నారు. "నడవరానోళ్లకే గద సార్ కట్టె ఇచ్చేది" అన్నారు మేడం. సారు బెల్లు కొట్టించడానికి వెళ్లిపోయారు.

ఒక్కటే చిక్కు. అవి ఎండతో నడిచే కాలిక్యులేటర్లు. మా క్లాసులో కరెంటు ఉన్నప్పుడు బల్బు ఉండేది కాదు, బల్బు ఉన్నప్పుడు కరెంటు ఉండేది కాదు. కాబట్టి కిటికీ పక్క బెంచీ మాకు సింహాసనమైంది. అక్కడ కూర్చునే, కోహీర్ నుంచి వచ్చే నా దోస్తు మిషన్‌ను ఎండకు పట్టి నొక్కడం, జవాబు అరవడం, మేమంతా రాసుకోవడం. ఒకరోజు ఊరి నీళ్ల ట్యాంకి లెక్క ఇచ్చారు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఒక బర్రె వచ్చి తీరిగ్గా నిలబడింది. ఎండ పోయింది, అంకెలు సగం మాయమయ్యాయి. మిగిలినవాటిని మావాడు ధైర్యంగా చదివాడు. "ఏడు లీటర్లు!" క్లాసంతా ఏడు లీటర్లే రాసింది. నేను కింద గీత కూడా గీశాను.

మేడం పుస్తకాలు చూసి కొట్టలేదు, తిట్టలేదు. "ఊరంత కలిసి ఏడు లీటర్లల్ల స్నానం చేస్తరా? తాగనీకి మిగుల్తయా?" అన్నారు. అందర్నీ బయటికి తీసుకెళ్లి బడి ట్యాంకి ముందు నిలబెట్టారు. "ఇందుల ఎన్ని బకెట్లు పడ్తయి? అందాజ చెప్పున్రి" అన్నారు. ఒకడు యాభై అన్నాడు, ఒకడు లక్ష అన్నాడు. అరుచుకుని అరుచుకుని మధ్యలో ఎక్కడో ఆగాం. ఆ రోజు నుంచి అదే పద్ధతి. మిషన్ ముట్టే ముందు క్లాసంతా గొంతెత్తి అందాజ చెప్పాలి. మిషన్ దానికి దగ్గరగా చెబితే సరే, దూరంగా చెబితే ఇద్దరిలో ఒకరిని అనుమానించాలి. పక్క క్లాసు నుంచి ఫిర్యాదులు వచ్చాయి. బర్రె మాత్రం రోజూ వచ్చేది.

పబ్లిక్ పరీక్షలో కాలిక్యులేటరు లేదు, కిటికీ లేదు, దోస్తు ఇంకో గదిలో పడ్డాడు. బావి తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా పోస్తే ఆ గట్టు ఎత్తెంత అని అడిగారు. చెమటలు కక్కుతూ చేస్తే మా ఇంటి కప్పును దాటిపోయే గట్టు వచ్చింది. పక్కవాడైతే రాసేసి వెళ్లిపోయేవాడు. నా చెవిలో మేడం గొంతు: "గంత గట్టు ఎక్కి నీళ్లెట్ల చేదుతర్రా?" మళ్లీ చూశాను. సగం తీసుకోవాల్సిన చోట బావి వెడల్పు మొత్తం తీసుకున్నాను. దిద్దితే గట్టు బుద్ధిగా నడుమెత్తుకు దిగింది. నేను పాసయ్యాను, అంచు మీద. ఆ ఒక్క లెక్క పోయుంటే ఈపాటికి నాకు రొట్టెలు గుండ్రంగా చేయడం వచ్చుండేది.

రిజల్ట్ రోజు మేడం ఇంటికి మిఠాయి డబ్బా పట్టుకెళ్లి, "మీ వల్లనే మేడం" అన్నాను. ఆమె మూత తీయకుండా డబ్బాను చేతిలో ఎగరేసి బరువు చూశారు. "అర్ధ కిలో ఉంటది. తొవ్వల రెండు తిన్నవు" అన్నారు. ఒకటే తిన్నాను. అయినా ఆమె అందాజ దగ్గర్లోనే ఉంది.

ఇదంతా మీటింగులో క్లుప్తంగా చెప్పాను. బర్రె దగ్గర అందరూ నవ్వారు, బట్టల దుకాణం ఆయన కూడా. ముందు నోటి లెక్క, తర్వాతే మిషన్ అని కొన్నాళ్లు నడిపి చూద్దామని అక్కడి హెడ్మాస్టరు అన్నారు. తిరిగొస్తుంటే వెనకనుంచి మేనకోడలు, "మామా, ఇదంత ఎన్నేండ్ల కింద?" అంది. సంవత్సరాలు లెక్క పెట్టలేదు. మేడం లాంటి కొందరు మన దగ్గర్నుంచి ఎంత దూరం వెళ్లిపోయారో ఏ మిషనూ చెప్పదు, అందాజగా మాత్రం చాలా దగ్గరే ఉన్నారనిపిస్తుంది. ఈ మాట ఆమెకు గంభీరంగా చెబుదామని నోరు తెరిచాను. పెట్రోలు అయిపోయింది. బంకు వెనకవైపు ఉంది.