ఒకటి మోగితే కూర, మూడు మోగితే కత్తెర

మా ఎల్వుడ్ బావకు పాల లారీ తోలడం వచ్చు, పంది తొడ పొగబెట్టడం వచ్చు, చర్చి విందులో ముగ్గురి భోజనం తిని నాలుగో పళ్ళెం కోసం మర్యాదగా ఎదురుచూడడం వచ్చు. రానిదల్లా జింకను కొట్టడమే. వేటకు పేరుపడ్డ మా పాటర్ కౌంటీలో పుట్టిన మనిషికి ఆ ఒక్కటీ రాకపోతే మిగతావన్నీ వచ్చినా లెక్కలోకి రావు.

మా కొండమీది వేట క్యాంపులో, పొయ్యి వెనక ఒక చెక్క గోడ ఉంది. జింక మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు ఆ సాయంత్రం కత్తిరించి, పేరూ ఏడూ రాసి, ఆ గోడకు మేకు కొడతాం. తాతల నాటి రివాజు. కత్తెర నా దగ్గరే ఉంటుంది. ఆ పని నాకు చాలా ఇష్టం కూడా. ఆ గోడ మీద గళ్ళవీ, చారలవీ, మా వెర్నా అక్క క్రిస్మస్‌కు ముచ్చటపడి కొన్న ఎర్ర ఉన్నిదీ, అన్నీ బావవే. కొత్తగా వచ్చినవాళ్ళు అది ఆయన బట్టల అలమర అనుకుంటారు.

మొదట్లో ఇలా లేదు. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ పెద్ద బీచ్ చెట్టు కింద పక్కపక్కనే కూర్చునేవారు. కూర్చోడానికి ఆయనే ఒక బల్ల కొట్టాడు, సరిగ్గా ఇద్దరికి పట్టేటట్టు. కొండ మొత్తంలో అంత మంచి చోటు లేదు, జింకలు వాగు దాటి నేరుగా దాని ముందుకే వస్తాయి. ఆ రోజుల్లో బావ నాన్నగారి పాత థర్టీ-థర్టీ తుపాకీతో ఏటా ఒక జింకను తెచ్చేవాడు. ఆయన పోయిన ఏడు బావ ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడు, గురి తప్పాడు. నాన్న పక్కన లేడని ఎవరిని నిందిస్తాడు? తుపాకీని నిందించాడు. దాన్ని కొట్లో మార్చుకుని టూ సెవెంటీ కొన్నాడు.

అక్కడ మొదలైంది. టూ సెవెంటీ తప్పితే థర్టీ ఆట్ సిక్స్, అదీ తప్పితే త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్. గొట్టం లావు పెరిగేకొద్దీ మోత పెరిగింది, వెనక్కి తన్నే తన్ను పెరిగింది, గోడ మీద చొక్కాలూ పెరిగాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అనుకోండి, కానీ ఆ పిచ్చుక మాత్రం ఏటా హాయిగా ఎగిరిపోయేది.

"తూటా బరువు చాల్లేదురా మెర్ల్. మధ్యలో కొమ్మ తగిలింది. బరువైందైతే కొమ్మను కోసుకుంటూ పోయేది," అనేవాడు, చొక్కా విప్పుతూ.

"అక్కడ కొమ్మే లేదు బావా. నేను వెళ్ళి చూసొచ్చాను."

"అయితే గాలి."

"గాలీ లేదు."

"నువ్వు చూడబోయేసరికి ఆగుంటుంది."

ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళను చాలామందిని చూశాను. మద్దెల మీద మద్దెల కొనుక్కుంటూ పోయినవాడు మాత్రం మా బావే. ఎండాకాలమంతా పాల లారీలో వేట పత్రికలు పెట్టుకుని, ఏ తూటా ఎంత దూరంలో ఎంత కిందికి దిగుతుందో బట్టీ పట్టేవాడు. ఆవులకు కూడా చెప్పుంటాడు.

పోయిన సీజను చివరి రోజున ఆర్విల్ పెదనాన్న బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్డు నములుతూ తీర్పు చెప్పేశాడు. ఆయన బావ వాళ్ళ నాన్నకు అన్న, క్యాంపుకు పెద్ద.

"ఏరా ఎల్వుడ్, మీ నాన్న చోటని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మంచి చోటు ఏటా వృథా అవుతోంది. వచ్చే ఏడు కూడా చొక్కా చిరిగితే ఆ బల్ల మెర్ల్‌కి."

నేను తల వంచుకుని పేక ముక్కలు సర్దుకున్నాను. లోపల మాత్రం నాకు పండగే. ఆ బల్ల మీద నాకు ఎప్పటినుంచో కన్నుంది. బావ మర్నాడు సామాను సర్దుకునేటప్పుడు ఒంటరిగా బీచ్ చెట్టు దాకా వెళ్ళి వచ్చాడు.

మరుసటి ఏడు ఆకులు రాలే కాలానికి ఆయన కన్ను త్రీ థర్టీ ఎయిట్ మీద పడింది. అలాస్కాలో ఎలుగుబంట్లను కొట్టే తుపాకీ అది. ఆ సంగతి తెలిసి అక్క నాకు ఫోన్ చేసింది.

"ఆదివారం చర్చి అవగానే కంకర గొయ్యి దగ్గరికి రా. నోరు మూసుకుని రా."

"ఎందుకే?"

"మీ బావకి రాత్రుళ్ళు నిద్ర లేదురా. ఆ బల్ల పోతే ఈయన మనిషి కాడు. నిన్న నేను గిన్నె కింద పడేస్తే కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. నాకేదో అనుమానంగా ఉంది."

మా అక్క అనుమానం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. ఆవిడకు సొంతంగా ఒక చిన్న తుపాకీ ఉంది, టూ ఫార్టీ త్రీ. క్యాబేజీ మళ్ళలో బొరియలు తవ్వే పందికొక్కులాంటి జంతువులు మా వైపు బలిసి ఉంటాయి. అక్క నైటీలోనే వెనక వరండాలోకి వచ్చి, కాఫీ కప్పు పక్కన పెట్టి, ఒక్క తూటాతో ఒకదాన్ని పడేసి, మళ్ళీ కాఫీ అందుకుంటుంది. క్యాంపులో ఆ తుపాకీ పేరెత్తితే నవ్వే. పందికొక్కుల తుపాకీ అంటారు, ఆడవాళ్ళదీ పిల్లలదీ అంటారు.

కంకర గొయ్యిలో ఆ మధ్యాహ్నం మేం ముగ్గురమే. అవతలి గట్టుకు ఒక కాగితం పళ్ళెం గుచ్చి వచ్చాను. బావ మ్యాగ్నమ్ ఎత్తాడు. భుజం దగ్గర కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది. చూద్దును కదా, మా అక్క సోఫా దిండు.

"తూటాలు నేను పెడతాను. నువ్వు పళ్ళెం మీదే చూపు పెట్టు," అంది అక్క.

మొదటిది పేలింది. గొయ్యంతా దద్దరిల్లింది. పళ్ళెం మాత్రం చెక్కుచెదరలేదు. అక్క తుపాకీ తీసుకుని అటు తిరిగి, తాళం వేసినట్టు టకటకలాడించి మళ్ళీ చేతికిచ్చింది. బావ గురి చూశాడు, ఊపిరి బిగబట్టాడు, ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్కుమంది, అంతే. మోత లేదు, పొగ లేదు. అయినా గొట్టం మూరెడు కిందికి వాలింది, భుజం వెనక్కి గుంజుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, మొహం నిమ్మకాయ కొరికినట్టు అయిపోయింది.

"తూటా చెడ్డది," అన్నాడు కళ్ళు తెరిచి.

అక్క తుపాకీ తెరిచి చూపించింది. ఖాళీ.

"అందులో ఏమీ పెట్టలేదు ఎల్వుడ్. మరి దేనికి ఉలిక్కిపడ్డావు?"

నేను పకపకా నవ్వాను. అక్క చూసిన చూపుకు నవ్వు సగంలో ఆగింది. బావ వెళ్ళి లారీ వెనక దించిన తలుపు మీద కూర్చున్నాడు. దిండు తీసి పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్ళూ ఇదేనా?"

"ఇదే. పెద్దది కొన్నకొద్దీ ఇంకా గట్టిగా మూసుకున్నావు. ఇదిగో, ఇది పట్టుకో," అని అక్క తన చిన్న తుపాకీ ఒళ్ళో పెట్టింది.

అది భుజాన్ని చిన్నపిల్లాడు తట్టినంతగా తడుతుంది, అంతకంటే లేదు. మొదటి రెండూ పళ్ళెం అంచు చీల్చాయి. అక్క మధ్యమధ్యలో ఏమీ పెట్టకుండా ఇస్తూనే ఉంది. పొద్దు వాలేసరికి ఖాళీ తుపాకీ టిక్కుమన్నా గొట్టం కదలడం మానేసింది, పళ్ళెం నడిబొడ్డున చిల్లు మీద చిల్లు పడింది. బావ సంతోషపడతాడనుకున్నాను. ఆయన మొహం ఇంకా వాడిపోయింది.

"ఇది పట్టుకుని క్యాంపుకి ఎలా వెళ్ళను వెర్నా? పెదనాన్న నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు మింగేస్తాడు."

"పెద్ద తుపాకీ కావాలో, మీ నాన్న బల్ల కావాలో నువ్వే తేల్చుకో. ఇంకో చొక్కా మాత్రం నేను కుట్టను."

బావ నా వైపు తిరిగాడు. "ఒరే మెర్ల్, నువ్వు ఎవరికీ చెప్పకు."

ఆయన గురి కుదిరితే నా బల్ల గోవిందా. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా చెప్పనన్నాను. అక్క పక్కనే నిలబడి ఉంది మరి.

జింకల వేట మొదలయ్యే సోమవారం తెల్లవారుజామున, బడులకు కూడా సెలవిచ్చే ఆ మొదటి రోజున, క్యాంపంతా నారింజ రంగు కోట్లు వేసుకుని కొండెక్కింది. బావ భుజాన మ్యాగ్నమ్ సంచి ఉంది. అందులో ఉన్నది మ్యాగ్నమ్ కాదని నాకొక్కడికే తెలుసు. బీచ్ చెట్టు దగ్గర విడిపోయేటప్పుడు చూశాను. బల్ల మీద ఎడమ సగంలోనే కూర్చున్నాడు. కుడి సగం మీది మంచు కూడా దులపలేదు. నాకు అప్పుడు మనసు కాస్త పీకింది. నిజమే చెబుతున్నాను, కాస్తే.

మా కొండ మీద చప్పుడును బట్టే అన్నీ తెలుసుకుంటాం. ఏ తుపాకీ ఎవరిదో మోతను బట్టి చెప్పేస్తాం. ఒకటి మోగితే కూర, రెండు మోగితే అనుమానం, మూడు మోగితే కత్తెర. నేను నా హెమ్లాక్ చెట్టు కింద కూర్చుని బావ వైపే చెవి పెట్టుకున్నాను. ఎండ కొమ్మల్లోకి వచ్చాక వినపడింది. చిన్న చప్పుడు, టప్‌మని. రెండోదాని కోసం ఊపిరి బిగబట్టాను. రాలేదు. కొండంతా ఊరుకుంది.

వింటూ ఉండగానే నా ఎదర పొదల్లోంచి ఇంకో కొమ్ముల జింక పరుగున వచ్చింది, బావ చప్పుడుకు బెదిరిందేమో. నా థర్టీ ఆట్ సిక్స్ ఎత్తాను. ఒకటి పేలింది. రెండు పేలింది. మూడోది పేల్చేసరికి జింక తెల్లటి తోక ఎత్తి వాగు దాటిపోయింది. ఆ మూడు మోతలూ పక్క కౌంటీ దాకా వినిపించి ఉంటాయి.

నాలుగోది దాచుకుని బీచ్ చెట్టు దగ్గరికి వెళ్ళాను. బల్లకు ఎదురుగా మంచులో జింక పడి ఉంది, కొమ్ములకు ఎనిమిది కొనలున్నది. బావ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముక్కు ఎర్రగా ఉంది, అది చలికి కాదు.

"చూశానురా," అన్నాడు. "ఇన్నేళ్ళూ పేల్చకముందు జింకను చూసేవాణ్ణి, పేల్చాక ఖాళీ అడవిని చూసేవాణ్ణి. మధ్యలో ఏమవుతుందో ఇవాళే చూశాను. నాన్న ఉన్నప్పుడు చూసినట్టు చూశాను."

నేను జింక కాలు పట్టుకుని లాగడం మొదలెట్టాను.

క్యాంపులో పెదనాన్న జింక చుట్టూ తిరిగి, పక్కటెముకల దగ్గర చిన్న చిల్లులో వేలు పెట్టి చూశాడు. "ఇది మ్యాగ్నమ్ చిల్లు కాదే. పొద్దున నేను విన్న చప్పుడూ మ్యాగ్నమ్‌ది కాదు. దేంతో కొట్టావురా?"

ఇక్కడ అబద్ధమాడొచ్చు. నేనైతే ఆడేవాణ్ణి. బావ సంచి తెరిచి చిన్న తుపాకీ బయటికి తీశాడు.

"వెర్నా పందికొక్కుల తుపాకీ పెదనాన్నా. పెద్దవాటికి నేను కళ్ళు మూసుకుంటున్నాను. అది నాకే తెలీదు, ఆవిడే పట్టుకుంది."

నవ్వు వస్తుందనుకున్నాం. రాలేదు. పెదనాన్న కుడి భుజం నిమురుకున్నాడు. "ఏదీ, ఒకసారి ఇటివ్వు," అని తీసుకుని ఎత్తి చూసి, "తేలిగ్గా ఉందే," అన్నాడు. తర్వాత మిగతావాళ్ళు కూడా, గొట్టం మీద మచ్చ ఉందనీ కట్టె బాగుందనీ, ఒక్కొక్కళ్ళే ఏదో ఒక వంకతో దాన్ని భుజానికి ఆనించి చూశారు.

"బల్ల నీదేరా ఎల్వుడ్," అని పెదనాన్న నా వైపు తిరిగాడు. "ఇంతకీ పొద్దున మూడు మోగించిన మహానుభావుడెవరు?"

కత్తెర బావ చేతికి పోయింది. ఇన్నేళ్ళూ నేనన్న మాటలన్నీ నాకే తిరిగొస్తాయనుకుని పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆయన తొందరపడకుండా, తిన్నగా కత్తిరించాడు. తన చొక్కాల పక్కన ఖాళీ వెతికి మేకు కొట్టాడు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"కళ్ళు తెరిచే ఉన్నాయిట్రా?"

తెరిచే ఉన్నాయని చెప్పబోయాను. మూడు సార్లు పేల్చాను, ఆ మూడుసార్లూ జింక ఎలా ఉందో ఒక్కటీ గుర్తు రాలేదు.

"సరేలే," అన్నాడు. "ఎవరికీ చెప్పను. వచ్చే ఆదివారం అక్కతో గొయ్యి దగ్గరికి రా. రేపు మాత్రం నాతో కూర్చో, ఆ బల్ల ఇద్దరికి కొట్టిందే."

మా దగ్గర మనిషికి ఏటా ఒక్క మగజింకకే అనుమతి. అందుకని మర్నాడు బావ తుపాకీ లేకుండా కాఫీ ఫ్లాస్కుతో వచ్చాడు, అక్క తుపాకీ నాకిచ్చాడు. బల్ల దగ్గర ఆగి, కుడి సగం మీది మంచు చేత్తో దులిపి, నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. తను ఎడమ సగంలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా జింక రాలేదు. రాకపోయినా నాకేం లోటనిపించలేదు.