ఎస్, టూ

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషులో ధైర్యంగా వచ్చిన మాట ఒక్కటే: ఎస్. తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టేసి పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో సరుకులు దింపేవాణ్ణి. ఎవరేమడిగినా ‘ఎస్’ అంటే రోజు గడిచిపోయేది. (నో అనడానికి చదువు కావాలి.)

మా అక్క వేరే రకం. పాలిటెక్నిక్‌లో చదువుతూ, డెలానీపూర్‌లో మా రెండు గదుల ఇంట్లో, డిష్ నుంచి టీవీకి బొమ్మ తెచ్చే పెట్టె సొంతంగా చేస్తానని కూర్చుంది. కేబుల్ మావయ్య (అమ్మ తమ్ముడు, కేబుల్ కనెక్షన్ ఉందని ఛాతీ విరుచుకుని నడిచే మనిషి) చర్చి గుమ్మంలో అందరి ముందూ నవ్వాడు. “ఆ డబ్బాలో బొమ్మ పడదు బావా, వచ్చే నెల మేచ్‌కి మా ఇంటికే వచ్చెయ్.” నాన్నకి రోషం వచ్చింది. “పడతాది. నువ్వే మా ఇంటికి రా!” ఇంక నాన్న పరువంతా అక్క సోల్డరింగ్ కడ్డీ మీదే.

“ట్యూనర్ అంటే ఏటక్కా?”

“చేపల బజార్లో అందరూ అరుస్తుంటే, మనకి కావలసినోడి గొంతు పట్టుకునేది.”

“మరి డీమాడ్యులేటరు?”

“ఆ అరుపులోంచి మాట విడదీసేది.”

“అయితే నాన్నకి మొదటిది ఉంది గానీ, రెండోది లేదు” అన్నాను. మొట్టికాయ పడింది.

అక్క ఒక్కో చిప్పు గురించీ పెళ్లిసంబంధంలా ఆరా తీసి చివరికి తేల్చింది. “డీమాడ్యులేటరు, ఊళ్లో టవర్ సిగ్నల్‌కైతే టీ టూ రకం. మనది డిష్, ఎస్ టూ కావాలి. గుర్తుంటాదా?”

“ఎస్” అన్నాను.

మిడిల్ పాయింట్ సెంటర్లో ఎలక్ట్రానిక్ సామాన్ల షాపు భయ్యాకి ఫోన్ చేశాను. అతను చెన్నై నుంచి ఓడలో తెప్పిస్తాడు. “ట్యూనర్ ఠీక్ హై. డీమాడ్యులేటర్ టీ టూ మంగా దూఁ?” అని, టీ టూ తెప్పించనా అన్నాడు. నేను దర్జాగా, “ఎస్ టూ!” అన్నాను.

ఓడ వచ్చింది. కవరులో ట్యూనర్ ఒకటి, టీ టూ చిప్పులు రెండు! భయ్యాని అడిగితే, “తూనే హీ తో బోలా, యెస్, టూ!” అన్నాడు. అవును, రెండు అని నువ్వే కదా చెప్పావని.

మేచ్ ఆదివారమే. ఇంకో ఓడ దాకా ఆగే వీల్లేదు. అక్క తిడతాదనుకున్నాను. నేల మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, “మావయ్య పాత డిష్ పెట్టె ఏదిరా?” అంది. పిడుగుకి అది కాలిపోయాకే ఆయన కేబుల్‌కి మారాడు. ఆ పెట్టె ఇప్పుడు వాళ్ల కోళ్లగూడు మీద, రేకు ఎగిరిపోకుండా కూర్చుంది. అత్తనడిగి తెచ్చాను. “కాలింది పవర్ సప్లయే. లోపలిది ఎస్ టూనే, బతికే ఉండాల” అంటూ ఆ గోరంత చిప్పుని, నిద్రపోయే పసిబిడ్డని ఎత్తినట్టు, కాలు విరక్కుండా పైకి తీసింది. దానికి తగ్గట్టు ప్రోగ్రామూ మార్చుకుంది. నేను ఫేను ఆపి ఊపిరి బిగబట్టాను. నా సాంకేతిక సహాయం అదే.

ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్య నవ్వుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెర నల్లగా ఉంది. తర్వాత గళ్లు గళ్లుగా ఏదో కదిలింది. ఆనక ఒక్కసారి పచ్చటి మైదానం! నాన్న చప్పట్లకి పక్కింటి కుక్క ఉలిక్కిపడి లేచింది.

“ఏ ఊరి చిప్పమ్మా?” అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి.

“మీ కోళ్లగూడుదే, మావయ్యా!”

నా పెళ్లిలో పాస్టరుగారు “ఈమెను భార్యగా స్వీకరించుచున్నావా?” అనడిగితే కంగారులో “ఎస్” అనేశాను. వెనకనుంచి అక్క గుసగుస: “ఒకటే కదరా?” తిరిగి చూస్తే ఆవిడ చెవులకి జూకాల్లా వేలాడుతున్నాయి, ఆ రెండు టీ టూలూ.