ఒక ఇంట్లో ఇద్దరు రాజ్యలక్ష్ములు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు వంటింటి గుమ్మంలో నిలబడి, ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటూనే ఫోను చూసుకుని, "అమ్మమ్మా, నాలుగు క్రెడిట్లూ కలిపేశారు" అంది. అదేంటని అడిగితే, తన కాలేజీలో కాకుండా వేరే సంస్థవాళ్ళు కంప్యూటర్లో చెప్పే కోర్సు ఒకటి చదివి పరీక్ష రాసిందట, దాన్ని ఇప్పుడు తన డిగ్రీలో కలుపుకున్నారట. ఎవరు సంతకం పెట్టారని అడిగాను. ఎవరూ పెట్టరట, దానంతటదే కలుస్తుందట. అది చట్నీ వేసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది గాని, నేను మాత్రం స్టవ్వు కట్టేసి అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. బయట పాసైన పరీక్షను డిగ్రీలోకి లెక్క వేసుకోమని అడగడానికి యాభై ఏడెనిమిదేళ్ళ కిందట నేను తిరిగిన తిరుగుడంతా కళ్ళముందు కదిలింది. నా ఈడు ఆడవాళ్ళు ఇది చదువుతుంటే, వాళ్ళలో సగంమందికి ఇందులో కొంతైనా తమ కథే కనిపిస్తుందని నా నమ్మకం.

నేను పుట్టి పెరిగింది తెనాలిలో. ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాక కాలేజీకి పంపే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ లేదు, నేనూ పెద్దగా అడగలేదు. అయితే మార్కెట్టు దగ్గర ఒక బట్టలకొట్టు మేడ మీద సాయంత్రంపూట హిందీ పాఠాలు చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు, అక్కడికి వెళ్ళడానికి మాత్రం మా నాన్న ఒప్పుకున్నారు. ఆయన జీతం పుచ్చుకోకుండా చెప్పేవారు, కాని తప్పు రాస్తే ఊరుకునేవారు కాదు. సొంత మేనల్లుడు పక్కవాడి కాగితంలోకి చూస్తున్నాడని పరీక్షగదిలోంచి బయటికి పంపించేసిన మనిషి. తెలుగువాళ్ళం మనకు హిందీలో ఆడ మగ తేడాలు ఒక పట్టాన అంతుపట్టవు. పెరుగును వాళ్ళు దహీ అంటారు, చివర ఈకారం ఉంది కదా అని నేను దాన్ని స్త్రీలింగం చేసి, పెరుగు పుల్లగా ఉందనడానికి 'దహీ ఖట్టీ హై' అని రాసేదాన్ని. పెరుగు పుల్లింగమమ్మా, ఖట్టా అనాలి అని ఆయన చెప్పడం, మర్నాడు నేను మళ్ళీ ఖట్టీ అని రాయడం, చివరికి ఆయన ఆ ఒక్క వాక్యమూ నాచేత వందసార్లు రాయించడం జరిగింది. అలా తిట్లు తింటూనే ఒక్కొక్క పరీక్షా గట్టెక్కి విశారద దాకా వచ్చాను. ఇక ప్రవీణ అనే పెద్ద పరీక్ష ఒక్కటే మిగిలింది.

అంతలో పెళ్ళయింది, రేపల్లె వెళ్ళాను. మావారు కాలవల ఆఫీసులో గుమాస్తా. అత్తవారింట్లో అందరూ మంచివాళ్ళే, ఒక్కటే చిక్కు వచ్చింది. నా పేరు రాజ్యలక్ష్మి, మా అత్తగారి పేరూ రాజ్యలక్ష్మే. అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకేయడం ఆ రోజుల్లో బాగుండదు, పైగా పెళ్ళాం పేరు పైకి అనడానికి మా మామగారు సిగ్గుపడే మనిషి. అందుచేత కాపురానికి వచ్చిన వారంలోనే నాకు విజయ అని పేరు పెట్టారు. నన్నెవరూ అడగలేదు, నాకూ అది అడగవలసిన సంగతిగా తోచలేదు. కొత్త చీరలాగే కొత్త పేరూ అలవాటైపోయింది. ఇంట్లోనే కూర్చుని ప్రవీణకు చదువుకున్నప్పుడు దరఖాస్తు నింపినది మావారు, ఆయన తనకు తెలిసిన పేరు, తన ఇంటిపేరు కలిపి రాసి పంపించారు. తెనాలి వెళ్ళి పరీక్ష రాశాను. ఆ వారం మాస్టారు జ్వరంతో మంచం మీద ఉండి, తను నడిపే సెంటరుకే రాలేదు. పాసయ్యాను. సర్టిఫికెట్టు వచ్చిన రోజున అత్తగారు ఇంటిల్లిపాదికీ సేమ్యా పాయసం చేసింది.

ఆ సర్టిఫికెట్టు బలం మీదే రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో హిందీ చెప్పే తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. రెండేళ్ళు హాయిగా గడిచాక ఒకరోజు హెడ్మిస్ట్రెస్ పిలిచి, డిగ్రీ లేనివాళ్ళను ఇక ఎక్కువకాలం ఉంచుకోవడానికి వీల్లేదని పైనుంచి కాగితం వచ్చిందని చెప్పారు. నా మొహం చూసి ఆవిడే ఇంకో మాట కూడా చెప్పారు. ఎస్.ఎస్.ఎల్.సి.తో పాటు హిందీ ప్రవీణ ఉన్నవాళ్ళకు విశ్వవిద్యాలయం ఆ ప్రవీణనే తక్కిన సబ్జెక్టులన్నిటికీ బదులుగా తీసుకుంటుందట, బి.ఏ. ఇంగ్లీషు పేపర్లు మాత్రం ప్రైవేటుగా రాస్తే డిగ్రీ ఇస్తుందట. ఆ మాట విని నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రాత్రే దరఖాస్తు రాసి, రెండు సర్టిఫికెట్ల నకళ్ళూ జతచేసి పంపించాను.

జవాబు నెల తిరక్కుండా వచ్చింది. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైనది రాజ్యలక్ష్మి, ప్రవీణ పాసైనది విజయ, ఇంటిపేర్లు కూడా వేరు, ఇద్దరూ ఒకరే అనడానికి ఆధారమేమీ లేదు కనుక ప్రవీణను లెక్కలోకి తీసుకోలేమని అందులో ఉంది. పరీక్ష సెంటరు నడిపిన మాస్టారు ఒక గెజిటెడ్ అధికారి ఎదుట సాక్ష్యం రాసి సంతకం పెడితే ఆలోచిస్తారట, లేకపోతే నేను పి.యు.సి. నుంచి మొదలుపెట్టాలట. అంటే నాలుగేళ్ళు. అప్పటికి నా ఉద్యోగం ఎక్కడుంటుంది? ఫీజు కట్టడానికి గడువేమో మూడు వారాలే ఉంది. మావారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. ఆయన చెడ్డగా అనలేదు, ఆఫీసు కాగితాలతో వేగేవాళ్ళకు అన్నీ వచ్చే ఏటికి వాయిదా వేయడం అలవాటు. నేను మాత్రం వినదలచుకోలేదు. జీవితంలో మొదటిసారి భోజనాల దగ్గర అందరూ ఉండగా, రేపు పొద్దున బండికి తెనాలి వెళుతున్నానని చెప్పాను.

అప్పుడు మాట్లాడింది మా అత్తగారు. "నువ్వొక్కదానివీ వెళ్ళి ఏం చెబుతావే? నా పేరు మూలాన వచ్చిన తంటా ఇది. నేనూ వస్తా," అంది. ఆవిడ చదువు మూడో క్లాసు. రేపల్లె దాటి వెళ్ళడమంటే పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ తప్ప ఎరగదు. తెల్లవారేసరికి పులిహోర కట్టుకుని, జరీ అంచు చీర కట్టుకుని, నాకంటే ముందే వీధిలో నిలబడింది.

భట్టిప్రోలు మీదుగా ఆ పాసింజరు బండి ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆగి వెళ్ళేది, కిటికీలోంచి బొగ్గునలుసులు పడి కళ్ళు మండేవి. తెనాలిలో దిగి బట్టలకొట్టు మేడ దగ్గరికి వెళితే గదికి తాళం వేసి ఉంది. మాస్టారికి చూపు తగ్గిపోయిందని, బాపట్లలో కూతురి దగ్గర ఉంటున్నారని కొట్టాయన చెప్పాడు. అత్తగారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, "బాపట్లకు బండెప్పుడు బాబూ?" అని అడిగింది.

మధ్యాహ్నం దాటాక బాపట్ల చేరి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాం. మాస్టారు వరండాలో మడతకుర్చీలో ఉన్నారు. రెండు కళ్ళకూ పొర కమ్మింది, మనిషి ఆకారం తప్ప మొహం ఆనదు. నేను దణ్ణం పెట్టి సంగతంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, నెమ్మదిగా తల అడ్డంగా ఊపారు.

"విశారద రాసిన రాజ్యలక్ష్మి నాకు గుర్తుందమ్మా. ఈ విజయను నేను చూడలేదు. ప్రవీణ రాసేనాటికి నేను మంచంలో ఉన్నాను. ఇప్పుడు నీ మొహమూ కనపడదు. చూడనిదాన్ని చూశానని ఎట్లా రాయమంటావు?"

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆయన ఎలాంటి మనిషో నాకు తెలుసు, బతిమాలితే ఇంకా బిగుసుకుంటారు. మా అత్తగారు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల్నుంచి ఆయన కూతురు మజ్జిగ గ్లాసులు తెచ్చి ఇచ్చింది. మాస్టారు గ్లాసు చేతిలోకి తీసుకుని, ఏమనుకున్నారో ఏమో, "పెరుగు ఆడదా మగదా?" అని అడిగారు.

"మగదే మాస్టారూ. నేనే ఖట్టీ అని రాసేదాన్ని. వందసార్లు రాయించారు. తొంభైఎనిమిదే రాశానని లెక్కపెట్టి మరీ ఇంకో రెండు రాయించారు," అన్నాను.

ఆయన నవ్వారు. అంత బిగ్గరగా ఆయన నవ్వగా నేను ఎన్నడూ వినలేదు. "ఆ రెండూ ఎగ్గొట్టినది నువ్వే, సందేహం లేదు," అని అక్కడికక్కడే చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నారు.

మాస్టారి అల్లుడికి తెలిసిన గెజిటెడ్ అధికారి ఒకాయన ఆ పక్క వీధిలోనే ఆఫీసులో ఉండేవాడు. మేమిద్దరమూ, మాస్టారూ, ఆయన కూతురూ వెళ్ళేసరికి ఆయన ఇంటికి బయలుదేరుతున్నాడు, ఆడవాళ్ళను చూసి మళ్ళీ కూర్చున్నాడు. సాక్షిగా ఉన్నారు కదా అని ముందు మా అత్తగారిని పేరు అడిగాడు. రాజ్యలక్ష్మండి అంది. కోడలి పేరు అడిగాడు. రాజ్యలక్ష్మేనండి అంది. ఆయన కలం కింద పెట్టి, మరి విజయ ఎవరని అడిగాడు.

"ఇదేనండి. ఒకింట్లో రెండు రాజ్యలక్ష్ములుంటే మా ఆయన పిలవలేడని మేమే మార్చామండి. దాన్ని అడగలేదు. దాని చదువుకి అడ్డం వస్తుందని మాకేం తెలుసు? ఇప్పుడు దాని పేరు దానికి ఇచ్చేస్తున్నాం, మీరు కాగితంలో రాసెయ్యండి," అంది మా అత్తగారు.

ఆయన మరి ప్రశ్నలు వేయలేదు. తనే వాక్యాలు సరిగా పేర్చి రాయించాడు. మాస్టారు ఎడమచేతి వేలు కాగితం మీద ఆనించి, ఆ వేలి పక్కనే తడుముకుంటూ తెలుగులో సంతకం చేశారు. మా అత్తగారు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తన పేరు రాసింది. నా పేరు కూడా అదే కదా, ఆ అక్షరాల కింద నేను నా సంతకం చేశాను. ముద్ర పడ్డాక ఆరనిచ్చి, మర్నాడు రేపల్లె పోస్టాఫీసు తలుపు తీయగానే రిజిస్టరు చేశాను. గడువుకు రెండు రోజుల ముందు ప్రవీణను ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం వచ్చింది.

అయితే కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. ఇంగ్లీషు పేపర్లలో ఒకటి మొదటిసారి తప్పాను. ఈలోగా రేపల్లె స్కూల్లో నా చోటులోకి డిగ్రీ ఉన్న ఆవిడ వచ్చేసింది. ఇంట్లో కూర్చుని, కూరలు తరుగుతూ, అప్పటికి పుట్టిన మా పిల్లకు పాలు పడుతూ మళ్ళీ చదివాను, సెప్టెంబరులో పాసయ్యాను. ఆ పై ఏడు భట్టిప్రోలు హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా నేను చేసినది ఆ పనే. బాపట్ల నుంచి వచ్చిన రోజునే అత్తగారు ఇంట్లో నన్ను రాజ్యలక్ష్మీ అని పిలవడం మొదలుపెట్టింది. మామగారు పాపం చాలా ఇబ్బందిపడ్డారు, చివరికి పంతులమ్మా అని పిలుస్తూ ఒడ్డున పడ్డారు.

డిగ్రీ పట్టా వచ్చిన రోజున అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇంగ్లీషు ఆవిడకు రాదు. ఇందులో పేరెక్కడుందే అని అడిగితే వేలుపెట్టి చూపించాను. ఆవిడ ఆ అక్షరాలను తాకి, "ఇది నా పేరు కూడా కదే," అని మాత్రం అంది.

ఆవిడ పోయి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు పెళ్ళయితే పేరు మార్చేవాళ్ళు మన వైపు దాదాపు లేరు, ఇంటిపేరు కూడా చాలామంది పిల్లలు పుట్టినింటిదే ఉంచుకుంటున్నారు. చాలా మంచి మార్పు. ఇప్పుడు ఏ కాగితం కావాలన్నా మనిషి కదలనక్కర్లేదు, ఎవరి వరండాలోనూ నిలబడి బతిమాలనక్కర్లేదు. కాకపోతే ఒక సంతకం కోసం ఒక అత్తా కోడలూ రోజంతా బొగ్గుబండ్లలో కూర్చుని, ఒకరినొకరు మొదటిసారిగా తెలుసుకునే వీలు కూడా దాంతోపాటే పోయింది. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో నా ఈడు ఆడవాళ్ళను మీ పేరేంటండి అని అడిగినప్పుడు చూస్తుంటాను, కొందరు వెంటనే చెప్పరు. ఏ పేరు చెప్పాలా అని ఒక్క క్షణం ఆగుతారు. కౌంటరు దగ్గరి కుర్రవాళ్ళు అది వినికిడి లోపమనుకుని గొంతు పెంచి మళ్ళీ అడుగుతారు.