అవి చిట్కాలు కావు

పిన్ని పోయిందని బాబాయి నేను పనిచేసే లైబ్రరీకి ఫోన్ చేసి చెప్పారు. ఆస్పత్రికి చేరేలోపే ఊపిరి అందలేదట. "నీకు తెలుసుగా, తను మొదటినుంచీ సెన్సిటివ్" అన్నారు. ఆయన ఏడుస్తున్నారు. అయినా ఆ మాట వినగానే నేను ఫోను పెట్టేశాను. అంత మర్యాద తప్పిన పని అంతకుముందెప్పుడూ చేయలేదు.

అంత్యక్రియల మర్నాడు ఇక్కడి మన తెలుగు సంఘం పత్రిక చూసే ఆంటీ ఫోన్ చేశారు. "మీ పిన్ని స్టవ్ అద్దంలా ఉంచేదమ్మా. ఆ వంటింటి చిట్కాలన్నీ ఒక పేజీ రాసివ్వు. ఆవిడ జ్ఞాపకంగా ఉంటుంది, అందరికీ యూజ్ అవుతుంది" అన్నారు. రాస్తానన్నాను. రాస్తున్నాను.

డెబ్భైల చివర గుంటూరు కాన్వెంటు నుంచి నేరుగా న్యూజెర్సీలో పిన్ని ఇంటికి వచ్చాను, చదువుకోవడానికి. వచ్చిన వారంలోనే పిన్ని వంటసోడా తెమ్మంది. నాకొచ్చిన ఇంగ్లీషులో 'కుకింగ్ సోడా' అని అడిగితే, కొట్లో ఆవిడ నన్ను కూల్‌డ్రింకుల వరసకి తీసుకెళ్ళింది; ఇక్కడ సోడా అంటే కూల్‌డ్రింకే. ఏది వంటకి పనికొస్తుందో తెలియక నారింజ రంగుది ఒకటి తెచ్చాను. పిన్ని ఆ సీసాను బల్లమీద పెట్టి, నడుం పట్టుకుని నవ్వింది. "దీంతో ఫ్రిజ్ తుడిస్తే చీమలు కూడా అమెరికా వచ్చేస్తాయే" అంది. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ దగ్గు నేను వినడం అదే మొదలు.

ఆమె పనితీరు ఇది. సోడా, నీళ్ళు కలిపి ముద్దచేసి ఒవెన్ లోపల పట్టించి రాత్రంతా వదిలేసేది. పొద్దున తడిగుడ్డతో తుడిచి, మిగిలినచోట వెనిగర్ చిలకరిస్తే బుసబుసమని పొంగేది. ఫ్రిజ్‌కి గోరువెచ్చని సోడానీళ్ళు. మిక్సీ జారులో నిమ్మతొక్కలు, నీళ్ళు పోసి ఒక్కసారి తిప్పేది. పులుసుకి పిసికిన చింతపండు పిప్పి పారేయకుండా సీసాలో దాచి, ఉప్పు అద్ది గిన్నెల రాగి అడుగులు తోమేది. "మురికికి తొందర లేదే, తొందరంతా మనకే" అనేది. ఒకసారి ఒక ఇంట్లో నేల తుడిచే మందు వాసన ఘాటుగా కొడుతుంటే, నా చెవిలో "వాసన లేకపోవడమే శుభ్రం" అంది.

మన ఆడవాళ్ళు ఆమెకు 'చింతపిప్పి' అని పేరు పెట్టారు. ఎదురుగానే, సరదాగా. "ఏం చింతపిప్పీ, అమెరికా వచ్చినా పిసినారితనం పోలేదా?" అనేవారు. అయిదారేళ్ళ తరవాత ఇదే సోడా, ఇదే వెనిగర్ ఇక్కడి ఆడవాళ్ళ పత్రికలో రంగు బొమ్మలతో వచ్చింది. మనవాళ్ళే ఆ పేజీ కత్తిరించి పిన్నికే తెచ్చి చూపించారు. పిన్ని చేస్తే పిసినారితనం, పత్రికలో పడితే సైన్సు.

ఆమె పిసినారి కాదు. ఒవెన్ శుభ్రం చేసే స్ప్రే ఆమెకు పడదు. అది కొడితే గొంతు పట్టేసి, ఛాతీలో పిల్లికూతలు వచ్చేవి. ఆ సంగతి ఆమె అందరికీ చెప్పింది. ఎవరూ వినలేదు.

ఒకసారి బాబాయిగారి పై ఆఫీసరు తన భార్యతో భోజనానికి వస్తున్నాడు. పిన్ని ఒవెన్ అంతా తుడిచింది. వెనక గోడమీద గోధుమరంగు మరక ఒకటి మిగిలింది.

"ఇదేంటి? చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు బాబాయి.

"వాళ్ళొచ్చేది భోజనానికండీ, ఒవెన్‌లో తల పెట్టడానికి కాదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వెళ్ళి స్ప్రే డబ్బా కొనుక్కొచ్చి తనే కొట్టారు. పిన్ని అప్పుడు పొయ్యి దగ్గరే పప్పు కలుపుతోంది. ఆ సాయంత్రం వడ్డిస్తూ, మధ్యమధ్య బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని దగ్గి వచ్చింది. ఒవెన్ తలుపు ఎవరూ తెరవలేదు.

తరవాతి ఆదివారం బాబాయి స్నేహితుడైన డాక్టరుగారు ఇంటికొచ్చి, స్టెతస్కోపు పెట్టి పిన్నిని చూశారు.

"లంగ్స్ క్లియర్‌గా ఉన్నాయి వదినగారూ. మీరు ఊరికే వర్రీ అవుతున్నారు."

"అది కొట్టినప్పుడే వస్తుంది అన్నయ్యగారూ."

"ఊరంతా వాడుతున్నారు కదండీ." నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు ఈ ఇంట్లోనే ఉంటావుగా. నిజమేనా?"

పిన్ని నావైపు చూసింది. నేను చూసినదాన్నే. ఆ పిల్లికూతలు గోడ అవతలనుంచి విన్నదాన్నే. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకూడదని కాన్వెంటు సిస్టర్లు నాకు పదేళ్ళు నేర్పారు. బాగా నేర్చుకున్నాను.

"నాకు తెలియదండీ" అన్నాను.

ఆ రాత్రి కూడా పిన్ని నా కంచంలో నెయ్యి ఎప్పటిలాగే వేసింది. కాని ఆ తరవాత ఎవరికీ చెప్పడం మానేసింది. సోడా, నిమ్మతొక్క, చింతపిప్పితో తనకు ఊపిరాడే వంటిల్లు తనే చేసుకుంది. పార్టీలకి ముందు మాత్రం, టైమ్ లేదని బాబాయి అనగానే, ఆ డబ్బా బయటికి వస్తూనే ఉండేది. ఆమె దేనివల్ల పోయిందో నేను చెప్పలేను, డాక్టర్ని కాను. చెప్పినప్పుడు మనం వినలేదని చెప్పగలను. అందుకే అవి చిట్కాలు కావు. దయచేసి 'వంటింటి చిట్కాలు' అనే శీర్షిక కింద వేయకండి.

పదమూడో రోజు మధ్యాహ్నం భోజనాలకి అందరూ వచ్చారు. ఎంత పొదుపరి, ఎంత శుభ్రం అని చెప్పుకున్నారు. ఆ డాక్టరుగారే "పాపం, సెన్సిటివ్ మనిషి" అన్నారు.

"సెన్సిటివ్ కాదు అంకుల్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ స్ప్రే కొడితే పిన్నికి ఊపిరాడేది కాదు. నేను చూశాను. ఆ రోజు మీరడిగితే అబద్ధం చెప్పాను."

బాబాయి తన కంచంలోకి చూస్తున్నారు. ఒక ఆంటీ గిన్నె అందుకుని "పెరుగు వేసుకోమ్మా" అన్నారు.

వాళ్ళు వెళ్తుంటే గుమ్మంలో నిలబడ్డాను. జనవరి చలి. మంచులో కార్ల దాకా నడుస్తూ, ట్రాఫిక్ గురించీ, పిల్లల పరీక్షల గురించీ మాట్లాడుకుంటున్నారు. మాట మాటకీ ప్రతి ఒక్కరి నోటినుంచీ ఊపిరి తెల్లగా, సులువుగా బయటికి వచ్చి, గాలిలో కలిసిపోతోంది.