కొత్త కేపులు, పాత కొలత

నా చిన్నప్పుడు మా తాత మీద వచ్చినంత కోపం నాకు మళ్ళీ ఎవరి మీదా రాలేదు. ఆ కోపం ఇప్పటికీ ఉంది, కాకపోతే ఆయన మీద కాదు.

బెంగళూరు దాటి ఆనేకల్ దారిలో, అడివి అంచున మాకు రాగి చేను ఉండేది. అందులో ఒక మడి శెనక్కాయలు నావి. విత్తింది నేను, కలుపు తీసింది నేను. కాయ గట్టిపడే వేళకు అడివి పందులు పడి సగం మడి తవ్విపోశాయి. ఆ పొద్దున నేను ఏడవలేదు, పళ్ళు కొరుక్కున్నాను. మా నాయన తుపాకి తీసి వాటి పని పడతాడనుకున్నాను.

ఇంట్లో తాతది లైసెన్సు రైఫిల్ ఒకటి ఉండేది. కాల్చిన తూటాల డొల్లలు పారేయకుండా మళ్ళీ నింపుకునేవాళ్ళు. తూటా అడుగున చిన్న టోపీ ఉంటుంది. సూది తగిలితే నిప్పు పుట్టించి లోపలి మందును అంటించేది అదే. మా పక్క దాన్ని కేపు అంటారు. అవి యుద్ధం రోజులు, ఇంగ్లీషు సీమ సరుకు రావడం లేదు. మేం వాడే కేపులు దొరక్క నాయన పేటలో అంగడికి పోయి వేరే రకం తెచ్చాడు. "ఏ కేపైతే ఏమప్పా, లోపల పట్టిందంటే అంతా ఒకటే" అన్నాడంట ఆ అంగడాయన. నాయన పాత కొలతతోనే మందు పోసి తూటాలు నింపేశాడు.

తాత కొత్త కేపు ఒకటి చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించాడు. కేపు మారితే నిప్పు తీరు మారుతుందన్నాడు. మందు బాగా తగ్గించి మొదలుపెట్టాలి, కాల్చిన ప్రతి కేపునీ చూసుకుంటూ కొంచెం కొంచెంగా పైకి పోవాలి, ఈ తూటాలన్నీ విప్పు అన్నాడు. నాయనకు రోషమొచ్చింది. ఆ కొలత నువ్వు నేర్పిందే కదా అని అరిచాడు. నేనూ నాయన పక్కే. పిరికి తాత అని పైకే అన్నాను.

తాత తుపాకిని పెరట్లోకి తీసుకుపోయి, గొట్టం మట్టిదిబ్బకేసి పెట్టి, బండి చక్రానికి పలుపుతో బిగించి కట్టాడు. నాయన నింపిన తూటా ఒకటి వేశాడు. మీటకు పొడుగు తాడు కట్టి, మమ్మల్నందరినీ రాతిగోడ వెనక్కి తోసి, తానూ వచ్చి తాడు లాగాడు.

అది మామూలు చప్పుడు కాదు. పోయి చూస్తే కేపు చితికి ఊడిపోయి ఉంది. మంట వెనక్కి తన్ని, తుపాకి వెనక చెక్క పగిలి మసిబారింది. వెనక గడియ బిగుసుకుపోయి కదల్లేదు. తాత నాయన మెడ పట్టుకుని ఆ చెక్క మీదికి వంచాడు. అంత మీసమున్న మనిషీ వంగాడు.

"నువ్వు చెంప ఆనించే చోటు ఇదే కదరా. ఆనించు ఇప్పుడు" అన్నాడు తాత. నాయన ఆనించలేకపోయాడు.

ఆ తుపాకిని తాత ప్రాణంలా చూసుకునేవాడు. అది ఇంక పనికిరాలేదు. చెడిపోవచ్చని తెలిసే కట్టాడాయన. ఉత్తగా వద్దంటే కొడుకు తన కన్నుగప్పి కాలుస్తాడని కూడా తెలుసు. ఆ ఏడు మేం డబ్బాలు కొట్టుకుంటూ కూర్చున్నా పందులు చేనంతా మేశాయి. నాయన మాత్రం ముసలితనం దాకా రెండు కళ్ళతో బతికాడు. ఆ అంగడాయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాలేది తన చెంప కాదు గనక ఎంత సులువుగా అనేశాడా మాట.

మొన్న మారతహళ్ళిలో మా మనవరాలి ఇంట్లో గ్యాసు పొయ్యికి పాత రకం పైపు దొరకలేదని, పొయ్యిలు బాగుచేసే పిల్లాడొకడు ఏదో పైపు తగిలించాడు. "ఏదైనా ఒకటే అవ్వా, పట్టింది కదా" అన్నాడు. నేను అగ్గిపెట్టె తెచ్చి వాడి చేతిలో పెట్టాను.

"అయితే ముఖం దగ్గర పెట్టుకుని నువ్వే వెలిగించప్పా" అన్నాను.

వాడు అగ్గిపెట్టె కింద పెట్టి, పైపు విప్పేశాడు.