నా విడాకుల నకలు

ఆళ్లగడ్డ గుడిలో మా పాస్టరు అయ్యగారు నా పెండ్లి ప్రకటన చదవనన్నారు. మా వాళ్లలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పమని. అది చదవకుండా పెండ్లి లేదు. మొదటి పెండ్లి రద్దయినట్టు కోర్టు కాగితం తెచ్చి చూపిస్తే వచ్చే ఆదివారమే చదువుతానన్నారు.

నాకప్పుడు ముప్పై రెండేళ్లు, ఆళ్లగడ్డలో చిన్నబడి టీచర్ని. విడాకులు వచ్చి ఆరేళ్లయింది. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేస్తున్న మనిషి, భార్య చనిపోయినవాడు, నన్ను చేసుకుంటానని వచ్చి మా అమ్మను అడిగాడు. నాకూ ఇష్టమే. ఇందులో దాచేదేముంది, చాలా ఇష్టం. కాగితం మాట వినగానే ఆయన, తన మేనమామ పగిడ్యాల దిక్కు పాస్టరుగా ఉన్నాడనీ, నోటిమాట మీదే పెండ్లి చేయిస్తాడనీ చెప్పాడు. నేనే వద్దన్నాను. దొంగచాటుగా పోయి చేసుకునే ఖర్మ నాకేం పట్టింది? జడ్జి తీర్పు చదువుతుంటే ఎదురుగా నిలబడి విన్న మనిషిని నేను.

ఆ కోర్టు రోజులు నాకు బాగా గుర్తు. నంద్యాల కోర్టు వరండాలో బెంచీ మీద నా పక్కన ఇంకొకామె కూర్చునేది. హిందువుల ఆడపిల్ల, ఆమెదీ విడాకుల కేసే. మా ఇద్దరి కేసులూ వెనకా ముందూ వేసినవి కాబట్టి ప్రతి వాయిదాకూ ఆమె తర్వాత నన్ను పిలిచేవారు. ఆమె కేసు ఏడాదిలో తేలింది. నాది సాగింది, ఎందుకంటే మొగుడు ఇంకొకామెను ఉంచుకున్నాడని రుజువు చేస్తే మా క్రైస్తవుల చట్టంలో ఆడదానికి చాలదట, కొట్టాడని కూడా రుజువు చేయాలట. నేను రెండూ రుజువు చేశాను. చివరి రోజున జడ్జిగారు ఇంగ్లీషులో ఏదో చదివారు. మా వకీలు నా వైపు తిరిగి, "అయిపాయమ్మా, ఇంగ పో" అన్నాడు. ఆ ఆదివారం గుడిలో లేచి నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మా అమ్మ కోడిపుంజును కానుక ఇచ్చింది. కాగితం తీసుకోవాలని మాకెవరికీ తోచలేదు. జడ్జి చెప్పింది పదిమంది విన్నారు, ఇంకా కాగితమెందుకు అనుకున్నాం.

ఆరేళ్ల తర్వాత ఆ కాగితం కోసం సెలవు పెట్టి నంద్యాల పోయాను. మా వకీలు చనిపోయి చాలా కాలమైంది, ఆయన ఆఫీసున్న గదిలో బట్టల కొట్టు పెట్టారు. కోర్టులో నకళ్లు ఇచ్చే గుమాస్తా కేసు నెంబరు అడిగాడు. తెలియదన్నాను. "నెంబరు లేకుంటే యాడని ఎతికేది టీచరమ్మా? ఆడ జూడు" అని గోడ పొడవునా ఎర్రగుడ్డ మూటలున్న బీరువాలు చూపించాడు. ఆ మూటల్లో ఒకదాంట్లో నా బతుకుంది. ఏది విప్పాలో ఎవరికీ తెలియదు. అట్లా నాలుగుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. తిరిగొచ్చిన ప్రతిసారీ మా అమ్మ గడపలోనే "దొరికిందా?" అనేది. నాకు ఒళ్లు మండేది. దొరికితే మొహం ఇట్లా పెట్టుకుని వస్తానా?

ఐదోసారి, కోర్టు రోడ్డులోనే, రవికలు కుట్టే చిన్న అంగడి ముందర ఆమె కనిపించింది, బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆమె. మళ్లీ పెండ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నది. నేను చెప్పిందంతా విని, మిషను కింద రేకుపెట్టె లాగి తన విడాకుల నకలు తీసింది. దాని మీద నెంబరుంది. ఆమె తర్వాత నన్ను పిలిచేవారు కదా, గుమాస్తా రిజిస్టరులో ఆ నెంబరు కింది వరస మీద వేలు పెడితే నా పేరు దొరికింది. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను. నకలు కోసం అర్జీ రాశాను. అందులో "ఏ నిమిత్తం" అని ఒక గడి ఉంది. "వివాహ నిమిత్తం" అని రాసి, గుమాస్తా చదువుతుంటే కిటికీ వైపు తిరిగాను.

అర్జీ పెడితే నకలు చేతికి రాదు. అర్జీ నెంబరు ఒకనాడు నోటీసు బోర్డుకెక్కుతుంది, ఎక్కిన మూడు రోజుల్లో స్టాంపు కాగితాలు ఇవ్వాలి, ఇవ్వకపోతే అర్జీ కొట్టేస్తారు. అది ఏనాడు ఎక్కుతుందో ఎవరూ చెప్పరు. నేను ఆళ్లగడ్డలో ఎక్కాలు చెప్పుకుంటుండగా నా నెంబరు బోర్డు ఎక్కింది, దిగింది, కొట్టేశారు. మళ్లీ అర్జీ. ఈసారి రవికలామె రోజూ మధ్యాహ్నం బోర్డు చూసి వచ్చి, నెంబరు ఎక్కిన రోజున ఆళ్లగడ్డ బస్సు కండక్టరుతో కబురు పంపింది. మరుసటి రోజు పొద్దున్నే నా తరగతి గదికి తాళం వేసి పోయాను. హెడ్మాస్టరు మెమో ఇచ్చాడు, ఇవ్వనీ.

నకలు చేతికొచ్చాక బస్సులో విప్పి చదివాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. "వివాహము రద్దు" అన్న మాట వరకు కూడబలుక్కుని చదివి, అది చాలని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. తిన్నగా అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, చివరి వరస మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయారు.

"తల్లీ, ఈడ ఏం రాసినారో చూసినావా? హైకోర్టు ఖాయం చేసినాకే ఇది చెల్లుతాది. అంతదాకా నీవు ఆయన భార్యవే."

నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. క్రైస్తవుల విడాకులకు జిల్లా జడ్జి తీర్పు చాలదట. హైదరాబాదులో ముగ్గురు జడ్జీలు కూర్చుని ఔనంటేనే ఔనట. నా పక్కన కూర్చున్న ఆమె హిందువు కాబట్టి అదే జడ్జి మాటతో ఇంటికి పోయి బతికింది. నేను అదే గుమ్మం దాటి వచ్చి, ఆరేళ్లు విడుదలయ్యానని అనుకుంటూ, కోడిపుంజును కూడా ఇచ్చి, అదే మనిషికి పెండ్లాన్నై ఉన్నాను.

మర్నాడు మళ్లీ నంద్యాల. గుమాస్తా నా మూట విప్పి చూశాడు. సాక్ష్యాలన్నీ టైపు చేయించి కట్టలు కట్టి పైకోర్టుకు పంపించుకోవాల్సింది మా వకీలట. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఆయన మంచం పట్టాడు. ఇప్పుడు పంపవచ్చా అంటే పంపవచ్చన్నాడు. ఎన్నాళ్లు పడుతుందంటే మాత్రం పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడు. "ఏండ్లు పడతాదమ్మా. అవతలాయనకు గూడా నోటీసు పోతాది."

అవతలాయన. ఆ మహానుభావుడు నాలుగేళ్ల క్రితమే ఆ రెండో ఆమెను గుడిలోనే పెండ్లి చేసుకున్నాడు, బనగానపల్లె దిక్కు. ఆయన్ని ఏ పాస్టరూ కాగితం అడగలేదు. అడిగించుకున్నది నేను, అదీ నా అంతట నేనే. నోరు మూసుకుని పగిడ్యాలకు పోయి ఉంటే ఈ చివరి వరస ఎవరూ చదివేవారు కాదు. ఇప్పుడు చదివాం. తెలిసి తెలిసి ఇంకొకరిని కట్టుకోలేను, ఆ పాత మొగుడి దగ్గరికి పోలేను, కుడితిలో పడ్డ ఎలుక బతుకైంది. మా అమ్మ మాత్రం ఒక్కటే మాట అనింది, "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు గదా పాపా, మన దాంట్లో పూజారులు ముగ్గురు." ఆ మాట అని, నా కంచంలో అన్నం పెట్టింది.

కట్టలు టైపు చేయించి హైకోర్టుకు పంపాక, కాంపౌండరుకు నేనే చెప్పాను. ఆసుపత్రి వెనక, సీసాలు కడిగే తొట్టి దగ్గర. ఎన్నేళ్లయినా ఉంటానన్నాడు. రెండేళ్లు ఉన్నాడు కూడా. ఆయనకు మూడేళ్ల కూతురుండేది, రాత్రి డ్యూటీ పడితే దాన్ని ఆసుపత్రి బల్ల మీదే పడుకోబెట్టుకునేవాడు. ఆ బిడ్డకు తల్లి కావాలి, అది నా హైకోర్టు కోసం పెరగకుండా ఆగుతుందా? పోయి చేసుకోమన్నాను. కోపంగానే అన్నాను, మెత్తగా అంటే పోయేవాడు కాదు. మా గుడిలోనే ఆయన ప్రకటన చదివారు. మూడు ఆదివారాలూ నేను రెండో వరసలో కూర్చుని విన్నాను. అభ్యంతరమున్నవాళ్లు లేవండని అయ్యగారు అన్నప్పుడు నా వైపు చూడలేదు.

హైకోర్టు ఖాయం చేసిన సంగతి ఆ తర్వాత మరో మూడేళ్లకు తెలిసింది. రవికలామె కబురు పంపితే ఒక శనివారం నంద్యాల పోయాను. అదే గుమాస్తా, జుట్టు నెరిసింది. నకలు కోసం అర్జీ కాగితం ఇచ్చాడు. పేరు రాశాను, నెంబరు రాశాను, ఈసారి చూడకుండానే రాయగలిగాను. "ఏ నిమిత్తం" దగ్గర పెన్ను ఆగింది.

ఆయన నా పాత అర్జీ మరిచిపోలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"పెండ్లికేనా టీచరమ్మా?"

"కాదన్నా. నేను ఎవురి పెండ్లామూ కాదని చదువుకోనీకి."

ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ గడిలో "స్వంతానికి" అని రాసి, కాగితం లోపల పెట్టుకున్నాడు. నెంబరు ఎక్కేదాకా నంద్యాలలోనే ఉండి, రోజూ బోర్డు ముందర నిలబడి చూసుకున్నాను.