చావింట్లో నవ్విన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు విని నేను నవ్వానని మా ఇంట్లో ఇంకా అంటూనే ఉన్నారు. "డిగ్రీ సదివితే మనసు గిట్ల రాయైతదా?" అని అమ్మ పక్కింటామెతో అంటుంటే విన్నాను. "ఆ దొరసానితోని తిరిగి తిరిగి ఇది గూడ దొరసానైంది" అన్నాడు అన్న. నేను నవ్విన మాట నిజమే. ఎందుకు నవ్వావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే సరిగ్గా చెప్పగలనో లేదో నాకూ తెలియదు.

కబురు తెచ్చింది ఆమె కారు నడిపిన డ్రైవర్ చాచా. సంగారెడ్డి బజారులో నాయిన ధాన్యం కొట్టు, దాని వెనకే మా ఇల్లు. చాచా లోపలికి రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు.

"బేటీ, మేడం లేదు ఇగ. సాబ్ అమెరికా నుంచి ఈడి ఆఫీసుకు ఖత్ రాసిండట. పొద్దుగాల చాయ్ తాగుకుంట సాబ్‌కు ఏందో చెప్తున్నదట. మాట సగంల ఉండంగనే పోయింది."

సగంలో అనగానే నాకు నవ్వొచ్చింది. చివరి మాట చెప్పకుండా ఎప్పుడూ కుర్చీలోంచి లేవని మనిషి ఆమె. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. అప్పటికే అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆమె మాకు చుట్టం కాదు. అమెరికా మనిషి. భర్త జొన్న పంట మీద పరిశోధన చేసేవాడు. ఆ పని మీదే ఇద్దరూ పటాన్‌చెరు వచ్చి కొన్నేళ్లున్నారు. తెలుగు నేర్పే మనిషి కావాలని చాచా నాయినతో అంటే, డిగ్రీ అయిపోయి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న నన్ను పంపారు. మొదటి రోజే నన్నేమని పిలుస్తావని ఇంగ్లీషులో అడిగింది. మా అమ్మకంటే పెద్దది కాబట్టి పెద్దమ్మ అనాలన్నాను. కాసేపు ఆలోచించి, "అందులో 'పెద్ద' తప్పనిసరా?" అంది.

అమెరికాలో ఏం పని చేసేవారంటే, "నవ్వు రాసేదాన్ని" అంది. టెలివిజన్ అనేది మా బజారులో ఎవరూ చూసింది లేదు. ఇంట్లో పెట్టుకునే చిన్న సినిమా అని నాయిన అనుకునేవాడు. ఆ చిన్న సినిమాల్లో హాస్యం రాసేవాళ్లు ఒక గదిలో కూర్చుంటారట. అందరూ మగవాళ్లే. వాళ్లు రాసింది టైపు కొట్టడానికి ఈమె చేరింది. కొట్టేటప్పుడు చప్పగా ఉన్న మాట తీసేసి తన మాట ఒకటి పెట్టేది. నవ్వులు పెరిగాయి. ఎందుకు పెరిగాయో తెలియడానికి వాళ్లకు చాలా కాలం పట్టిందట. తెలిశాక గదిలో మూలకు ఒక కుర్చీ వేశారు. ఆమె ఏదైనా అంటే ఎవరూ నవ్వేవారు కాదు. అదే మాట పక్కవాడి చెవిలో చెప్పి వాడి చేత అనిపిస్తే గదంతా పగలబడి నవ్వేది. చానాళ్లు అలాగే సాగింది.

"మీకు కోపం రాలేదా పెద్దమ్మా?"

"వచ్చేది. కానీ ముందు నవ్వొచ్చేది. అదే నా జబ్బు."

ఆమెకు నేను తెలుగు నేర్పినదానికంటే ఆమె దగ్గర నేర్చుకున్నదే ఎక్కువేమో. నవ్వొచ్చే మాటను చివరికి దాచమనేది. అది అనేశాక ఇక ఒక్క మాట కూడా మాట్లాడొద్దనేది. నేను రాసి తీసుకెళ్లిన ప్రహసనాల్లో చివర నాలుగు వాక్యాలు కొట్టేసేది. "ఇక్కడ నువ్వు క్షమాపణ అడుగుతున్నావు. ఎవరిని?" అని అడిగేది.

మా ఇంటికొస్తే నాయనమ్మ పక్కనే కూర్చునేది. టెలివిజన్‌లో నవ్వులు కూడా ముందే టేపు మీద పట్టి పెట్టుకుంటారని, జోకు అయిపోగానే ఆ టేపు వేస్తారని ఒకసారి చెప్పింది. నాయనమ్మ నోరు తెరిచింది.

"అంటే నవ్వుడు గూడ కిరాయికి తెస్తరా?"

"తెస్తాం."

"మరి నవ్వొచ్చే ముచ్చటైతే కిరాయి ఎందుకే?"

పెద్దమ్మ తల వంచుకుని పచ్చిపులుసు తాగింది. అందులో మిరపకాయ ఆమె ఊహించిన దానికంటే ఎక్కువే ఉంది. ముక్కు తుడుచుకుంటూనే గ్లాసు మళ్లీ ముందుకు చాపింది.

జోగిపేటలో మా చిన్నతాత చనిపోయిన రోజు నేను పాఠానికి రాలేనని కబురు పంపితే, ఆమె కారేసుకుని నేరుగా చావింటికే వచ్చింది. మా నాయనమ్మకు శోకం తీయడంలో పేరు. ఏ ఇంట్లో పీనుగ లేచినా ఆమె గొంతెత్తితేగాని తతిమ్మా ఆడవాళ్లకు ఏడుపు అందదు. ఆ రోజు మరిది తల దగ్గర కూర్చుని మొదలుపెట్టింది.

"ఓ మరిదీ... నా పప్పుల ఉప్పెక్కువని ఊరంత చాటితివి గదరా... చాటుకుంటనే రెండుసార్లు వడ్డించుకుంటివి గదరా... చాయల చక్కెర తక్వైతే బజారంత ఇనవడేటట్టు ఒర్లితివి... ఇగ ఆడ ఎవల మీద ఒర్లుతవురా మరిదీ..."

పెద్దమ్మ నవ్వింది. మెల్లగా కాదు, గట్టిగానే. నేర్చుకున్న తెలుగంతా ఆమెకు ఆ రోజే పనికొచ్చినట్టుంది. ఏడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. ఎవరో పెద్దాయన, "గీ దొరసాని నవ్వుతదేంది? జెర బయటికి తీస్కపోండ్రి" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నవ్వనియ్యిరి. మీరంత నా ఏడుపు సూస్తున్రు. ఆమె నా మాట ఇన్నది."

అని మళ్లీ అందుకుంది. ఆ తర్వాత రెండు వాక్యాలకు చిన్నతాత పెద్దకొడుకు కూడా ఏడుస్తూనే నవ్వాడు. అప్పుడు ఎవరినీ ఎవరూ బయటికి తీసుకుపొమ్మనలేదు.

అన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఏటా వార్షికోత్సవానికి అక్కడివాళ్లు హాస్య నాటిక ఆడతారు. ఒక ఏడాది అది నేను రాశాను. క్యాంటీన్ చాయ్ రుచి బాగోలేదని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలక, దాన్ని మేనేజరుకే తాగించడానికి కార్మికులు పడే తంటాలే కథ. పెద్దమ్మనూ పిలిచాం. తెలుగు రాని బీహారు కూలీలు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నాటిక అయిపోగానే మైకులో రచయిత పేరు చదివారు. అన్న పేరు.

అందరూ వేదిక వైపు చప్పట్లు కొడుతుంటే, ఆమె నా వైపు తిరిగి కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో తన తల్లి సంగతి చెప్పింది. తెర మీద ఈమె పేరు వేయడం మొదలుపెట్టాక, అది కార్యక్రమం చివర రెప్పపాటు కనిపించేదట. వాళ్లమ్మ ప్రతిసారీ అప్పటికే లేచి టెలివిజన్ ఆపేసేది. కరెంటు దండగని. కూతురు పేరు చూడకుండానే పోయింది.

"మా దగ్గర ఆడపిల్ల పేరు మైకులో చెప్పరు పెద్దమ్మా. అంతే" అన్నాను.

"మా దగ్గరా అంతే" అంది.

"మరి నేను అడగాలంటారా?"

రుద్రారం దాటాక, "నాకు తెలీదు. నేను గట్టిగా అడిగిన ఏడాది నన్ను పనిలోంచి తీసేశారు. మళ్లీ పిలిచినప్పుడు పేరు వేశారు. అడగడం మంచిదైందో కాదో ఇప్పటికీ తెలీదు" అంది.

అడగమని ఆమె చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది. వద్దన్నా తేలికయ్యేది. ఆ రోజు నుంచి నేను ఈ రెంటి మధ్యే ఉన్నాను. ఆమె సంతోషంగా బతికిందా, అదీ అడగలేదు. అంత నవ్వు రాసిన మనిషి ఒంటరిగా వరండాలో కూర్చున్నప్పుడు మొహంలో ఏమీ ఉండేది కాదు. అమెరికాకు వెళ్లిపోయేటప్పుడు నన్ను కౌగిలించుకుని, "రాస్తూ ఉండు" అంది. అది ఆశీర్వాదమో, చేదు అనుభవంతో అన్న మాటో నాకు అంతుపట్టలేదు.

చాచా వచ్చి వెళ్లిన సాయంత్రం నాయనమ్మ నన్ను అడిగింది.

"ఆమెకు ఆడ ఎవలన్న శోకం తీసిండ్రా?"

"వాళ్లకు ఆ పద్ధతి లేదు నాయనమ్మా."

"అయ్యో, ఉత్తగనే పంపిండ్రా?"

గడప మీద చతికిలబడి, కొంగు సవరించుకుని గొంతెత్తింది. "ఓ దొరసానీ... నా పచ్చిపులుసు తాగి ముక్కు ఎర్రగ జేస్కుంటివి గదనే... ఎర్రగ జేస్కొని ఇంకో గిలాస అడిగితివి గదనే... నవ్వు కిరాయికిచ్చే దేశానికి ఉత్త చేతులతోని పోతివి గదనే..."

నేను మళ్లీ నవ్వాను. ఈసారి అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది. నవ్వు ఆపుకోలేక ఆమె మూతి కూడా వంకర పోయింది. వెంటనే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెకేమర్థమైందో నాకు తెలియదు.

ఈ ఏడు వార్షికోత్సవం దగ్గర పడింది. చావింట్లో నవ్విన ఒకామె మీద నాటిక రాసి పెట్టుకున్నాను.

"జల్దీ ఇయ్యి, మావోళ్లు రిహార్సల్ షురూ జేయాలె" అన్నాడు అన్న.

"మైకుల నా పేరు చెప్తరా?"

"నీకేమన్న పిచ్చా? రేపు నిన్ను సూడనీకి వచ్చేటోళ్లు ఇంటే ఏమనుకుంటరు? మొగోళ్లను నవ్విచ్చే పిల్లను ఎవలు చేస్కుంటరు?"

నేను కాగితాలు మడిచి పెట్టెలో పెట్టి తాళం వేశాను. కారానికి ముక్కు తుడుచుకుంటూనే పెద్దమ్మ ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు చాపిన చెయ్యే కళ్ల ముందుంది.

నా పేరు చెప్తేనే నాటిక ఇస్తాను.